మూర్జో వంశానికి ఒకే ఒక్క తాత

పునీత జార్జి పండగ పూజ ముగిసింది. తెల్లారితే షార్ కొండమీదికి మందలు తోలాలి. మేమంతా చర్చి అరుగు మీద చేరాం. వెల్కో మామ ఒళ్లో నాలుగు నెలల కుక్కపిల్ల. గొర్రెపిల్లకంటే బరువు, అయినా దించడు. ఎదురుగా స్తమెన. నిరుడు మొగుడు పోయాక అరవై గొర్రెలూ ఆమె మీదే పడ్డాయి. కాపలాకి కుక్క కావాలని వచ్చింది.

"అమ్మాయ్, దేవుడి గుమ్మంలో అబద్ధమాడను. దీని తండ్రి మూర్జో మొదటేడు ఒక తోడేలును తరిమాడు. ఒక్కటే, ఎక్కువ చెప్పను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది పోయి చుట్టాలతో చెప్పుకుంది. మర్నాడు ఏడొచ్చాయి. మూర్జో లేవను కూడా లేవలేదే! పడుకునే గుర్రుమన్నాడు, ఏడూ తోకలు ముడిచి అల్బేనియా దాకా ఆగితే ఒట్టు!"

"సరిహద్దులో కాగితాలడగలేదా మామా?" అన్నాడు మాలో ఒకడైన రూసె, గ్లాసుల్లో రాకియా సారా పోస్తూ.

"నవ్వరా, నవ్వు. ఆ చలికాలమే మంచుచరియ విరిగి ఊరిమీదికొస్తోంది. మూర్జో మొరిగాడు, మంచు ఆగింది. ఇంకోసారి మొరిగాడు, వచ్చిన దారినే కొండెక్కిపోయింది! పునీత జార్జి సాక్షి. అప్పట్నుంచీ మా లోయలో తోడేళ్లకి శుక్రవారం ఉపవాసం, మిగతా రోజులు గడ్డి."

"ఆదివారం పూజకొస్తాయా?"

"వస్తాయి, వెనక వరసలో నుంచుంటాయి! ఇదంతా దేనివల్ల? రక్తంరా, రక్తం! మా తాతనాటినుంచి బయటికుక్క నీడ మా ఆడకుక్క మీద పడనివ్వలేదు. మూర్జోకి కూతురు పుడితే మూర్జోతోనే దాటించాను. దానికి పుట్టినదాన్నీ వాడితోనే. మీ కుక్కలకి ఇద్దరేసి తాతలు. దీనికి తండ్రీ వాడే, తాతా వాడే, ముత్తాతా వాడే! పాలలో చుక్క నీళ్లు కలపని ఇల్లు మాది."

మేం నవ్వాం, దేవుడు మన్నించాలి. స్తమెన నవ్వలేదు.

"ఈ ఈతలో ఎన్ని పుట్టాయి మామా?"

"ఎనిమిది."

"మిగతావేవీ?"

"దేవుడిచ్చాడు... దేవుడే ఏరుకున్నాడు."

"దీన్ని దించు."

"నేల తడిగా ఉందే తల్లీ..."

"నీ దగ్గర్నుంచి తీసుకెళ్లిన మా కుక్క కరమాన్ కూడా లేవకుండానే మొరిగాడు మామా. వెనక కాళ్లు పడిపోయాయి వాడికి. తోడేలు వాడిమీదుగా దాటి దొడ్లోకొచ్చింది. కుక్క లేవలేదని మా ఆయన లేచాడు, కర్ర పట్టుకుని. మంచులో జారి లోయలో పడ్డాడు. మీ లోయలో తోడేళ్లు ఉపవాసముంటాయేమో. మా దొడ్లో మాత్రం తిన్నాయి. దించు."

రూసె గ్లాసు పక్కన పెట్టేశాడు.

మామ దించాడు. పిల్ల ముందుకాళ్ల మీద లేచింది. వెనక కాళ్లు రాలేదు. తోకూపుకుంటూ, పొట్ట ఈడ్చుకుంటూ పాకి, మామ బూటు మీద గడ్డం ఆనించింది.

"ఏడింటినీ నేనే పూడ్చాను," అన్నాడు మామ మెల్లగా. "రేగుచెట్టు కింద."

ఆ పూట ఆయన పెంచకుండా చెప్పింది ఆ పిల్లల లెక్కొక్కటే.

స్తమెన వంగి పిల్ల తల నిమిరింది. "అవతలి ఊళ్లో నల్లకుక్క ఈనింది. తండ్రెవడో ఎవరికీ తెలీదట," అంటూ శిలువ గుర్తు వేసుకుని, పొద్దుండగానే ఆ ఊరి వాగుదారి పట్టింది.