మెట్ల మీది నెట్టు

అది కాదు సార్, మా ఇంట్లో ఇప్పటికే నెట్టు ఉందని మీ కంప్యూటర్ చెబితే సరిపోయిందా? వచ్చి వెతుక్కోండి. రెండు గదులు, ఒక కుట్టుమిషను, చిరిగిన ప్యాంట్ల కుప్ప. ఆ కుప్ప కింద దొరికితే సగం మీకే ఇస్తాను.

లేనివాళ్లకి సగం ధరకే నెట్టు ఇస్తామన్నది మీరేగా? దరఖాస్తు మాత్రం నెట్టులోనే పెట్టాలట! ఈ తెలివి ఎవరిదో గానీ సన్మానం చెయ్యాలి. అలా చూడకండి, మీదని నేననలేదు.

ఎలా పెట్టానా? మేడమీద తాతగారి మెట్ల మీద కూర్చుని. ఆయన నెట్టు కిందకి ఆరో మెట్టు దాకానే వస్తుంది. అయిదో మెట్టు మీద కూర్చుంటే ఫోన్లో చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఎందుకంత అవసరమా? మీ ఫారమూ అదే అడిగింది. చదువా, ఉద్యోగమా, వైద్యమా అని. చెల్లితో మాట్లాడ్డానికి అంటే గడే లేదు.

మామూలు ఫోన్ చేసుకోవచ్చుగా అంటారా? మా చెల్లికి పుట్టుకతోనే వినబడదు సార్. మాకు చేతులే మాటలు, ఫోన్లో బొమ్మ కనబడాలి. మెసేజా? చెవిటిదని ఏ బడీ చేర్చుకోలేదు, ఇంక అక్షరాలెక్కడివి? వేరే ఊళ్లో లాండ్రీలో పని. నాలుగింటికి పదిహేను నిమిషాలు వదులుతారు. తాతగారికేమో చాలా రోజులు సరిగ్గా నాలుగింటికే కునుకొస్తుంది. కరెంటు దండగని నెట్టు కట్టేసి మరీ పడుకుంటారు. పోయిన జన్మలో ఏం చేశానో ఆయన్ని!

ఏంటీ? మా డోర్ నంబరు మీద ఎవరికి ఇచ్చారూ? ఆ తెర ఇటు తిప్పండి.

ఓరి నాయనో. అది తాతగారి పేరు.

ఆయనకి కళ్లు ఆనవంటే ఆ ఫారం నేనే నింపాను సార్. కుట్టే ప్రతి బట్టకీ చీటీ మీద నా డోర్ నంబరు రాసి రాసి, అలవాటుకొద్దీ అదే రాసి పారేశాను. ఏడాదిగా మీ ఆఫీసుని బండబూతులు తిడుతున్నాను కదా... సరే, అవి వెనక్కి తీసుకుంటున్నాను. కొన్ని.

సరిచేస్తే నాది రేపే వస్తుందా? ఆయనది సొంత నంబరు మీదికి మారేదాకా నెలరోజులు ఆగిపోతుందా?

ఆయనది ఆపెయ్యండి. ఆగనివ్వండి సార్, నన్ను పాపిష్టిదనుకోండి. ఆయన కిందకి దిగొచ్చి నా నెట్టు వాడుకుంటారు. మెట్లు ఎక్కడున్నాయో ఆయనకీ తెలుసు.

మీకో మాట చెప్పనా? పోయిన వారం మాట్లాడుతుంటే మధ్యలో బొమ్మ ఆగిపోయింది. చెల్లి కళ్లనిండా నీళ్లు, చెయ్యి గాల్లో. మళ్లీ కదిలేసరికి అది ఏదో అడగడం అయిపోయింది, నా జవాబు కోసం చూస్తోంది. ఎవరో భుజం తట్టి దాన్ని లోపలికి రమ్మంటున్నారు. మళ్లీ చెప్పమనడానికి టైం లేదు. తలూపాను. అది ఏడుస్తూనే నవ్వి వెళ్లిపోయింది.

అప్పట్నించీ నాలుగింటికి ఆ మేడ మీద నెట్టు లేదు.

దేనికి ఒప్పుకున్నానో నాకింకా తెలీదు సార్. కానివ్వండి, నంబరు మార్చండి.