పద్నాలుగు అంతస్తుల నీడ

ఇదేం న్యాయమక్కా? ఉన్నదే పన్నెండడుగుల ఎండ, దాని నిండా నీ దుప్పట్లే! నా బట్టలు నేను నెత్తిన ఆరేసుకోనా?

మాట్లాడవు. సరే, మాట్లాడకు. ఆరేళ్ళుగా మాట్లాడని మనిషివి, ఇవాళ మాట్లాడితే నాకే జడుపు పట్టుకుంటుంది. ఆ క్లిప్పులు మాత్రం కొంచెం మెల్లగా నొక్కు, వాటి మీదెందుకు కోపం?

రెండు మేడల సందులోంచి రోజుకి గంటన్నర పడుతుంది ఎండ, అదీ వీధిలో ఈ గోడ వారగా. మన పెరళ్ళు ఎలా ఉండేవి! ఎనిమిదింటికి ఆరేస్తే పదింటికల్లా గలగలలాడేవి. ఇప్పుడేమో తాడు చేత్తో పట్టుకుని సూర్యుడి వెంట పరిగెత్తడమే పని.

నిన్న పదిహేడో అంతస్తావిడ బట్టలేసింది నాకు. ఎండంతా మీ దగ్గరే ఉందిగదమ్మా, బాల్కనీలో ఆరేసుకోవచ్చుగా అన్నాను. కూడదట! మేడ అందం పోతుందట! విన్నావా? ఎండేమో వాళ్ళకి, తడిబట్టలేమో మనకి. నవ్వొస్తే నవ్వక్కా, నవ్వితే మాట్లాడినట్టు కాదులే.

ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. అన్నదమ్ములు పెరడు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నా, మనం గోడ మీంచి సబ్బులు అందుకున్నవాళ్ళమే. ఆ హోటల్ దుప్పట్ల గొడవ వచ్చేదాకా. పదేళ్ళు నేను ఉతికిన హోటల్ అది. జ్వరమొచ్చి వారం పడుకుంటే నువ్వు అందుకున్నావు, మళ్ళీ వదల్లేదు. మర్చిపోయాననుకున్నావా? ఏం మర్చిపోతాను!

సరే, అదొదిలెయ్. ఈ బుట్టలోవి నర్సింగ్ హోమ్ దుప్పట్లు. పోయిన వారం చెమ్మగా ఉన్నాయని వెనక్కి పంపారు. ఇవాళ సాయంత్రానికి ఆరినవి ఇవ్వకపోతే మిషన్ల లాండ్రీకి ఇచ్చేస్తారట. నాకు మిగిలింది ఆ ఒక్క చోటే. అదీ పోతే నేనూ మీ మరిదీ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకే వచ్చాను. సగం తాడివ్వు, చాలు.

తల అడ్డంగా తిప్పుతావా? పోనీ ఒక మాట చెబుతాను. విన్నాక ఇస్తే ఇవ్వు, లేదంటే ఈ తడి దుప్పటితోనే నన్ను బాదు.

నీ పెరడు పక్కనున్న ఈ మేడకి అభ్యంతరం లేదని సంతకం పెట్టింది నేనే.

అలా చూడకు, భయమేస్తోంది. మేడ వాళ్ళ మనిషి వచ్చింది నడి వేసవిలో. నువ్వు తలుపేసేశావట. పక్క పెరళ్ళ వాళ్ళలో ఒకరు పెట్టినా సరిపోతుందన్నాడు. మరి నీడో అంటే, ఇదిగో చూడండమ్మా అని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చూపించాడు. కాళ్ళ కిందే ఉంది నీడ. పాపం, నేనేదో అమాయకురాలిననుకున్నాడు!

ముప్పయ్యేళ్ళు ఎండని కనిపెట్టుకుని బతికినదాన్ని, చలికాలం నీడ సాగుతుందని నాకు తెలియదా? దండేనికి పెట్టే గడ ఉందే, ఆ నెలల్లో దాని నీడ ఎంత పడుతుందో అడుగులతో సహా చెబుతాను. వాడు వెళ్ళాక ఆ కొలతతోనే లెక్కేశాను. పద్నాలుగు అంతస్తులు. నీడ నీ పెరడంతా కప్పేసి, సరిగ్గా మధ్యగోడ దగ్గర ఆగుతుంది. నీ హోటల్ దుప్పట్లు ఆరవు. హోటల్ నా దగ్గరికి తిరిగొస్తుంది. ఎంత బాగా కుదిరిందనుకున్నావు లెక్క! మర్నాడు వాళ్ళ ఆఫీసుకి నేనే నడిచి వెళ్ళి పెట్టొచ్చాను సంతకం.

మేడ లేచాక మొదటి చలికాలం నువ్వు తడి దుప్పట్లు భుజాన వేసుకుని ఎండ కోసం వీధంతా తిరుగుతుంటే తలుపు చాటునుంచి చూశాను. సంతోషం వేస్తుందనుకున్నానక్కా. వేయలేదు. అన్నం కూడా సహించలేదు ఆ రోజు.

తర్వాతేముంది, రెండో చలికాలానికి వాళ్ళు ఇరవై రెండు చేసేశారు. నీడ గోడ దూకి నా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. నా తిక్క కుదిరింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పైన ఎనిమిది అంతస్తులకి నన్నెవరూ అడగలేదు. ఎవరిచ్చారయ్యా అనుమతి అని ఆఫీసులో అడిగితే ఒక్కడూ నోరు విప్పడు...

ఏంటి? అక్కా, మాట్లాడావా? మళ్ళీ అను.

నువ్వా!

నేను వాళ్ళ ఆఫీసుకి వెళ్ళడం చూశావా? అప్పట్నుంచీ తెలుసా నీకు? అందుకని నువ్వూ వెళ్ళి ఆ పై ఎనిమిదికీ సంతకం పెట్టావా? నా పెరట్లో ఎలాగూ ఎండ పోయింది, దానికి మాత్రం ఎందుకుండాలనా? నీ అసాధ్యం కూలా, ఇంత తెలివి ఎక్కడ దాచుకున్నావక్కా!

నవ్వకు. నువ్వు నవ్వితే నాకు ఏడుపొస్తోంది.

పద్నాలుగు నావి, ఎనిమిది నీవి. ఇంత మేడా మనిద్దరం కట్టించిందేనన్నమాట. లిఫ్టు ఎక్కబోతే మాత్రం వాచ్‌మన్ నన్ను ఎవరు కావాలమ్మా అని అడుగుతాడు.

సరేలే, ఏం చేస్తాం. కొంచెం జరుగు, ఎండ పోతోంది.