రాయని చోటు

పూండిలో జీడిచెట్టు కింద పాత కారుంది. సాయంత్రం దాన్ని కొనడానికి ఇచ్ఛాపురం వాళ్లు వస్తున్నారు. బావ లోపలి ప్లాస్టిక్‌కి స్ప్రే పాలిష్ పెడుతుంటే, అతని చనిపోయిన భార్య తమ్ముడు పక్కన నిలబడ్డాడు.

"డాష్‌బోర్డు మీద కొట్టీకు బావా, సగం గాలికే పోతాది. గుడ్డ మీద కాసింత కొట్టి రాయి."

"అలాగే రాత్తన్నానురా. పొద్దున్న దీన్లోనే పలాస ఎల్లి తెచ్చిన సీసా, ఇంకా సగముంది సూడు."

"మరి ఎడం డోరు పిడికి రాయకుండా ఒగ్గేసావేటి?"

"పలాస డయాలసిస్‌కి తీసుకెల్లినప్పుడల్లా మీ అప్ప అక్కడే పట్టుకునీది. సెయ్యంతా సెమటలు పట్టీసీది. ఆ మరక తుడవబుద్ది కానేదు."

"కొనీవోలు సూత్తే బేరం పోద్ది. గుడ్డ ఇలాగియ్యి, నాను రాత్తాను."

"రాయి. నా సేత కాదు."

"ఇదేటి బావా, ఇక్కడ తడిగా ఉంది? తుంపర గానీ పడిందేటి?"

"తుంపరెలా పడతాది? నువ్వు సెప్పినట్టే గుడ్డ మీదే కొట్టాను."

తమ్ముడు వేళ్లు వాసన చూసుకున్నాడు.

"పాలిష్ వాసన నేదు బావా."

"తెలుసురా. పలాస ఎల్లొచ్చిన రోజు అది ఆరదు. మరెందుకు అమ్మేత్తన్నాననుకున్నావు?"