విరిగిన ఎముక

నిజామాబాద్‌ దవాఖానలో డాక్టరమ్మ నిరుటి ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి, ఊపిరితిత్తి మీది చిన్న తెల్లమచ్చను భోజన్నకు చూపించింది. అతని భార్యకు క్యాన్సరని అప్పుడే చెప్పింది.

"మా ఇంటామె చెరుకు బండి మీదికెల్లి పడ్డప్పుడు తీసిందే గద మేడం? క్యాన్సర్ గప్పుడే ఉండెనా?"

"ఉంది. విరిగిన పక్కటెముక కనబడగానే చూసినవాళ్ల కన్ను అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు తెలుసు కాబట్టి నాకు కనబడుతోంది. అప్పుడైతే నేనూ దాటిపోయేదాన్నేమో."

"నేను సుత ఎండకు పట్టి సూసిన. ఎముకనే సూసిన. దగ్గినప్పుడల్లా ఎముక నొప్పే, తగ్గుతదని నేనే చెప్పిన. నా మాట నమ్మి ఊకున్నది."

"ఇప్పుడు చాలా ముదిరిపోయింది. ఆమెకు ఏం చెప్తారు?"

"బయట కూసున్నది. ఎముక అతికిందో లేదో అడిగి రమ్మన్నది."

డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే వైపు తిరిగింది. "అతుక్కుంది. బాగానే అతుక్కుంది."

"గట్లైతే ముందుగాల గదే చెప్పొస్త మేడం."