ముసలి కుక్క హుషారు

పశువుల ఆసుపత్రి వరండాలోని బల్లమీద ఒక అక్కా, ఆమె తమ్ముడూ కూర్చుని ఉన్నారు. కబేళాలో మిగిలిపోయిన గొంతులు, ఊపిరితిత్తులు తెచ్చి, కోసి ఎండబెట్టి, కుక్కల ఆహారంగా అమ్మడం వారి కొత్త వ్యాపారం. వారి ముసలి కుక్క గొలుసును లాగుతూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"చూడక్కా, ఎంత హుషారో! మన సరుకు తిని పడుచుదైపోయింది. పొట్లం మీద దీని ఫోటోనే వేద్దాం."

"ఏడిశావులే. పక్కటెముకలు బయటపడ్డాయి, బకెట్లకు బకెట్లు నీళ్లు తాగుతోంది. అది హుషారు కాదు, జబ్బు అని ఇందాక లోపల నాతో అన్నారు డాక్టరుగారు."

"ఏం జబ్బట?"

"పశువు గొంతుకు అంటుకుని ఒక గ్రంథి ఉంటుందట. అది తింటే కుక్కకు ఒంట్లో నిలకడ ఉండదట. నువ్వు దాన్ని తీసేస్తున్నావా, లేదా?"

"మొదట్లో తీసేవాణ్ణి. తర్వాత, అదీ మాంసమే కదా, పారేయడమెందుకని..."

"నీ పొదుపు తగలెయ్య!"

"రేపు దుకాణానికి పంపాల్సిన సరుకంతా అది కలిసిందేనక్కా."

"పంపం. గొయ్యి తీసి పూడ్చేద్దాం."

"మనల్ని నమ్మిన మొదటి దుకాణం. మళ్లీ మన మొహం చూడరు."

"చూడకపోతే పోనీ. ఊళ్లో కుక్కలన్నీ ఇలా చిక్కిపోతే నువ్వు చూడగలవా?"

తమ్ముడు గొలుసును చేతికి చుట్టుకున్నాడు.

"ఆ తిండి మానిపిస్తే దీనికి నయమవుతుందా?"

"అవుతుందట. మళ్లీ ఎప్పటిలాగే గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది."

"నిన్న బంతి తెచ్చి నా చేతిలో పెట్టిందక్కా. ఎన్నేళ్లయిందో తెలుసా?"

"తెలుసురా."

"సరే, అడ్డంగానే పడుకోనీ. ఫోనిలా ఇవ్వు, దుకాణం ఆయనకు నేనే చెబుతాను."