థియోడోరాలో బొగ్గు

1923 ఫిబ్రవరి 17, శనివారం. హార్విచ్ రేవులో పొద్దున్నే పొగమంచు, మధ్యాహ్నానికి తూర్పుగాలి, దాని వెంట సన్నటి వడగళ్లు. థియోడోరా అనే చిన్న యుద్ధనౌకను పాత ఇనుముకింద విరగ్గొట్టేశారు. అందులో పనిచేసినవాళ్లు దాని గుర్తులు పంచుకుందామని మేబెల్ పబ్బులో చేరారు. కొలువు చేసినవాడికే వాటా అన్నది షరతు.

వాళ్ల మధ్య కూర్చున్న ఏమోస్ ట్రిక్కర్ మాత్రం అందులో కొలువు చేయలేదు. యుద్ధంలో సముద్రంలోని మందుపాతరలు ఏరే పనికి పెట్టిన అతని చేపల పడవ మునిగితే, నీళ్లలోంచి లాగి, కంబళి కప్పి, రేవుకి చేర్చింది ఆ ఓడ. తోటివాళ్లు ఒక్కరూ దొరకలేదు. అదంతా అతను ఎవరికీ చెప్పడు. కానీ ఆ ఓడది ఒక ఇత్తడి మరమేకైనా ఇంట్లో ఉండాలని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే ఓడలో పనిచేసినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"నేను పొడిచిందేం లేదురా. బాయిలర్ దగ్గర అందరికన్నా రెండు పారల బొగ్గు ఎక్కువేసేవాణ్ణి. ఓరోజు జర్మనువాడి టార్పెడో వెంటపడింది. కెప్టెను పైనుంచి మాట్లాడే గొట్టంలోంచి 'ఏమోసూ, నువ్వే దిక్కు' అన్నాడు. పార తిప్పానో లేదో, ఓడ అమాంతం నీళ్లమీంచి లేచింది, టార్పెడో కిందనుంచి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెనక్కొచ్చి నీకు దండం పెట్టిందా?" అంది మేబెల్, ఉడికిన గుల్లల పళ్లెం పెడుతూ.

"నవ్వు వదినా, నవ్వు. నా పొగకి డెన్మార్కులో పట్టపగలే కోళ్లు గూళ్లకెక్కాయి. ఆ చీకట్లో జర్మను ఓడలు మూడు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. నాలుగోది లొంగిపోదామని వస్తే మేమేం దొరుకుతాం, స్కాట్లండ్ దాటేశాం. పార ఎర్రగా కాలింది, వృథా ఎందుకని దానిమీదే ఓడ మొత్తానికీ గుడ్లు వేయించాను."

ఆ ఓడ బాయిలర్ల దగ్గరే నాలుగేళ్లు చెమటోడ్చిన పెర్సీ డేల్స్ గ్లాసు కింద పెట్టాడు.

"గుడ్లు బాగానే వేగుంటాయి గానీ అన్నా, థియోడోరా నూనెతో నడిచిన ఓడ. అందులో బొగ్గు పెళ్ల ఉంటే ఒట్టు."



"బొగ్గు మా పడవలోది," అన్నాడు ఏమోస్. "మునిగిపోయిందిగా. నన్నొక్కణ్ణే తీశారు మీరు."

 కొన్ని గుర్తులు ముందే పక్కన పెట్టి, మిగతావాటికి కొలువు చేసినవాళ్ల పేర్లతో చీట్లు వేశారు.

గంట చర్చికి వెళ్లింది, దాన్ని తిరగేసి నీళ్లు పోసి ఓడవాళ్ల పిల్లలకి బాప్తిస్మం ఇచ్చేవారు కాబట్టి. చుక్కాని చక్రం అందరికీ కనబడేలా మేబెల్ పబ్బు గోడకి. ఓడ గడియారం, చనిపోయిన కెప్టెను వాటాగా, అతని భార్యకి. మునిగేవాళ్లకి విసిరే తెల్ల వలయం, ఓడ పేరున్నది, పెర్సీ చీటీకి వచ్చింది. పెర్సీ ఇచ్చేస్తే, అది ఏమోస్ భుజాన ఇంటికి వెళ్లింది. పెర్సీ వట్టిచేతులతో వెళ్లాడు.