లెక్కల సార్ రాసుకున్న మన పేర్లు

1991 జూలై 8, సోమవారం ఉదయం శ్రీ కర్నాటి చక్రపాణి గారు మన కళాశాలలో గణితశాస్త్ర అధ్యాపకులుగా విధుల్లో చేరారు. ఆనాటి చేరిక పత్రం నేటికీ నా ఆధీనంలోని బీరువాలో, రెండో అరలో, వారి నీలిసిరా సంతకంతో భద్రంగా ఉంది. ఈ జూన్ 30న వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భంలో వెలువడే ఈ సంచికకు నాలుగు మాటలు రాయమని ప్రిన్సిపాల్ శ్రీ రాఘవేంద్ర గారు ఆదేశించినప్పుడు నాకు భయమేసింది. పదో తరగతి వరకే చదివిన రికార్డు అసిస్టెంటును. తప్పులు దొర్లితే సార్ గౌరవానికి నా వల్ల లోటు వస్తుందేమోనని రెండు రోజులు అన్నం సహించలేదు. అయినా వారి గురించి రాయవలసిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది, అది ఇంకెవరి దగ్గరా లేదు గనుక ఒప్పుకున్నాను.

శ్రీ చక్రపాణి గారు నల్లగొండ జిల్లాలోని ఒక చేనేత కుటుంబంలో జన్మించి, మగ్గం చప్పుడు మధ్య చదువుకొని, విశ్వవిద్యాలయంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై, చైతన్యపురిలో ఒక గది కిరాయికి తీసుకొని ఉద్యోగ జీవితాన్ని ప్రారంభించారు. పగలు పాఠాలు చెబుతూ, సెలవుల్లో పరిశోధన సాగిస్తూ, 1999లో గతిశీల వ్యవస్థలు అనే విభాగంలో డాక్టరేట్ పట్టా పొందారు. తదనంతరం వారు రచించిన పద్నాలుగు పరిశోధన వ్యాసాల ప్రతులు కూడా నా బీరువాలోనే ఉన్నాయి. వాటిలో ఒక్క పంక్తి కూడా నాకు అర్థం కాదు గానీ, చెదలు పట్టకుండా ఏటా ఎండలో పెట్టేది నేనే.

ఆ శాస్త్రమంటే ఏమిటని ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. "ఒక నియమం పట్టుకొని అడుగు మీద అడుగు ఏసుకుంట పోవాలె. ఆఖరికి ఏడ తేల్తమో ముందుగాలనే చెప్పగలమా, చెప్పలేమా? గంతే అమ్మా," అన్నారు. "పోగు మీద పోగు ఏస్తుంటే అంచు మీద ఏ పువ్వు తేల్తదో చూసుకుంట పెరిగినోణ్ణి. నాకిది కొత్తది కాదు."

వారి రెండవ వ్యాసంగం పేర్ల సేకరణ అని మీ అందరికీ తెలుసు. ప్రతి ఏడూ మొదటి తరగతిలో హాజరు పిలుస్తూ, ప్రతి విద్యార్థినీ తన పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంట్లో కనుక్కొని రమ్మనేవారు. అలా నిండిన నోటు పుస్తకాలు ఇరవై మూడు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో జానయ్య కొడుకు మహిపాల్ అయితే, మహిపాల్ కొడుకు మళ్ళీ జానయ్య అవుతాడని, పేరు ఒక తరం విడిచి ఒక తరంలో తిరిగి వస్తుందని, తమ శాస్త్రంలో దీనిని రెండడుగుల ఆవృత్తి అంటారని వారు చెబుతుంటే, లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా చెవులు రిక్కించి వినేవారు. హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడి నేను విన్న ముచ్చట ఒకటి రాస్తాను.

"నా పేరుకు కథేం లేదు సార్. బాబా గుడికాడ పెట్టిండ్రట," అన్నాడు సాయినాథ్ అనే విద్యార్థి.

"మీ తాత పేరేంది?"

"జానయ్య, సార్."

"మరి నీకెందుకు పెట్టలే?"

"మా అమ్మ ఒప్పుకోలేదట. కాలేజీల నవ్వుతరని."

"ఇప్పుడెవ్వరూ నవ్వుతలేరు గదా?"

"నవ్వుతలేరు సార్. కానీ క్లాసుల సాయినాథ్‌లు నలుగురున్నం. మీరు తిట్టేది ఎవర్నో తెలుస్తలేదు."

అందరికంటే గట్టిగా నవ్వింది సారే.

2015లో మా అమ్మాయి జ్యోతిక తొమ్మిదో తరగతిలో ఉండగా పచ్చకామెర్లు వచ్చి అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేకపోయింది. ఇక దాని చదువు సాగదని, బతుకు ఆగమైందని నేను ఆఫీసులో కూర్చొని ఏడుస్తుంటే, సెలవు చీటీ ఇవ్వడానికి వచ్చిన సార్ నా బల్ల మీది కాలిక్యులేటర్ ముందుకు జరిపారు.

"ఒక అంకె కొట్టమ్మా. ఎంత పెద్దదైనా సరే."

అయిదు వేలు కొట్టాను. వర్గమూలం మీట నొక్కుతూనే ఉండమన్నారు. అంకె తగ్గి తగ్గి, ఓ ముప్పై సార్లకు ఒకటి దగ్గర ఆగింది. మూడుతో మొదలుపెట్టమన్నారు. అదీ ఒకటి దగ్గరే ఆగింది.

"అయితే ఏడ మొదలుపెట్టినా సర్దుకుంటది, అంతేనా సార్?" అని ఆశగా అడిగాను.

"అబద్ధం చెప్పనమ్మా. ఇప్పుడు ఒకటి పాయింటు సున్నా సున్నా ఒకటి కొట్టు. దాన్ని దానితోనే గుణించుకుంట పో."

మొదట్లో కదలనట్టే ఉన్న అంకె, పదిహేనోసారికి మిషన్‌లో పట్టనంత పెరిగి తప్పు చూపించింది.

"చూసినవా? అదే ఒకటి. ఒక మీట నొక్కితే దాని దగ్గరికి పోతం, ఇంకో మీట నొక్కితే దూరం పోతం. మొదటి అంకెను చూసి ఏడ్వొద్దు. రోజూ ఏ మీట నొక్కుతున్నవో అది చూసుకో. బిడ్డతోని రోజూ గంట సేపు చదివించు."

అలాగే చదివించాను. ఆ జ్యోతికే తర్వాత మన కళాశాలలో సార్ దగ్గర చదువుకొని, ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఈ ఏడాది ఫిబ్రవరిలో సార్ పరిశోధన చేసిన విభాగంలోనే విశ్వవిద్యాలయంలో పరిశోధన సీటు సంపాదించింది. ఇక నేను రాయవలసిన సంగతి ఇక్కడ మొదలవుతుంది.

2007లో జ్యోతికను ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు దరఖాస్తులో తల్లి పేరు అడిగారు. నా పేరు పెంటమ్మ. చిన్నప్పుడు బడిలో నా పేరు పిలిచినప్పుడల్లా ముక్కు మూసుకొని నవ్విన పిల్లలు గుర్తుకొచ్చారు. ఆ నవ్వు నా బిడ్డకు తగలకూడదని "పద్మ" అని రాయించాను. పదో తరగతి మెమో మీద అదే అచ్చయింది. మన కళాశాల ప్రవేశ రిజిస్టరులో కూడా, నా చేత్తో, అదే ఎక్కించాను. ఇంట్లో అడిగితే పద్మే అసలు పేరని, పెంటమ్మ ఊరివాళ్ళు పిలిచేదని చెప్పాను. నా ఆధార్, నా ఉద్యోగ పత్రాలు మాత్రం పెంటమ్మ పేరుతోనే ఉన్నాయి.

ధ్రువపత్రాల పరిశీలనలో అది బయటపడింది. ఇద్దరూ ఒక్కరేనని పది రోజుల్లో నిరూపించకపోతే సీటు తర్వాతివారికి పోతుందని విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. జ్యోతిక ఆ ఉత్తరం నా చేతికే ఇచ్చి, "రికార్డులల్ల పనిచేసేది నువ్వే గదా అమ్మా, నువ్వే చూడు," అంది. చూస్తానని చెప్పి, పెంటమ్మే నా అసలు పేరని ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. మోసం కేసు పెడతారని, ఉద్యోగం తీసేస్తారని, నా బిడ్డ సీటు నా వల్లే పోతుందని, ఒక్కొక్కటే ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఏడో రోజు సార్ తమ పింఛను కాగితాలు పట్టుకొని వచ్చారు. "అమ్మా, ఇందుల వాచ్‌మన్ సీతారాములు సర్వీసు పుస్తకం పెట్టినవు. రిటైర్ చేస్తున్నది నన్నా, ఆయన్నా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. అంతా చెప్పేశాను.

వారు స్టాఫ్ గదికి వెళ్ళి పదిహేడో నోటు పుస్తకం తెచ్చారు. అందులో ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు, ఊళ్ళు, వరుసగా నలభైకి పైనే ఉన్నాయి.

"నీకంటే ముందుగాల పుట్టినోళ్ళు ఎంతమంది పోయిండ్రమ్మా?"

నేనెప్పుడూ ఈ సంగతి వారికి చెప్పలేదు. "ముగ్గురు సార్," అన్నాను.

"పుట్టంగనే నిన్ను పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు. పక్కింటామె ఎత్తుకున్నది. మీ అమ్మ ఆమెకు చేటెడు తౌడిచ్చి మళ్ళ కొనుక్కున్నది. చావు గిటు దిక్కు చూడకుండ పోవాలని, ఎవ్వరికీ పనికిరాని పేరు పెట్టుకున్నది. ఈ పేజీల ఉన్నోళ్ళందరిదీ గదే కథ."

నలభై తొమ్మిదేళ్ళు ఆ పేరును దాచుకోవలసినదనే అనుకున్నాను.

"బిడ్డ బతకాలని మీ అమ్మ భయపడి ఈ పేరు పెట్టింది. బిడ్డను నవ్వొద్దని నువ్వు భయపడి తీసేసినవు. అది తప్పని నేననను. కానీ ఇప్పుడు ఆరు రోజుల సంది దాస్తున్నవే, గది మాత్రం బిడ్డకు నష్టం. మూడు దినాలున్నయ్. ఇయ్యాల పొయ్యి చెప్పు."

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను. ఆటో నడిపే మా ఇంటాయన జనార్ధన్ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇన్నేండ్ల సంది ఒక్కదానితోనే ఏగుతున్ననుకున్న, ఇద్దరున్నరా!" అన్నారు. జ్యోతిక నవ్వలేదు. "నీ పేరు నాకు చెప్పడానికి ఆరు రోజులా అమ్మా?" అని కోప్పడింది. నేను సార్ చెప్పిన కథంతా చెప్పాను. "ఆ ముగ్గురి పేర్లేంది?" అని అడిగింది.

"పేర్లు పెట్టకముందే పోయిండ్రు బిడ్డా."

అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత కోపం మాట ఎత్తలేదు.

మర్నాడు నోటరీ దగ్గర అఫిడవిట్ నేనే నా అక్షరాలతో రాశాను. ఇరవై రెండేళ్ళుగా నన్ను ఎరిగినవారిగా సార్ సాక్షి సంతకం పెట్టారు. తొమ్మిదో రోజు ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో సార్, జ్యోతిక, నేను ముగ్గురం కలిసి వెళ్ళాం. పోతాయేమోనని ప్రతి కాగితానికీ మూడేసి నకళ్ళు తీసుకున్నాను. తమకు తరగతి లేని రోజని సార్ చెప్పారు గానీ, ఆరోజు వారికి రెండు తరగతులున్నాయని, వాటిని వేరొకరికి అప్పగించి వచ్చారని హాజరు పట్టీలు చూసే నాకు తెలియకుండా ఉంటుందా?

అక్కడి అధికారి కాగితాలు చూసి, "రెండు పేర్లెందుకమ్మా?" అని అడిగారు. భయంతో పెట్టిన పేరని, భయంతోనే మార్చానని చెప్పాను. ఆయన తల ఊపి, "అయితే రికార్డులో ఏది ఉంచాలి?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా జ్యోతిక, "పెంటమ్మ అని రాయండి సార్," అంది. ముద్ర వేసి తర్వాతివారిని పిలిచారు. నేను తొమ్మిది రోజులు భయపడిన పని పావుగంటలో ముగిసింది. మన ప్రవేశ రిజిస్టరును కూడా ప్రిన్సిపాల్ గారి అనుమతితో సరిదిద్దాను.

వేలమందికి పాఠం చెప్పి, వారి పేర్ల వెనుక ఉన్న తల్లిదండ్రులను కూడా గుర్తుపెట్టుకున్న శ్రీ చక్రపాణి గారు, విరమణానంతరం పెద్ద అంబర్‌పేటలోని స్వగృహంలో కూర్చొని ఆ ఇరవై మూడు పుస్తకాలను ఒక గ్రంథంగా తీర్చిదిద్దుతారని తెలిసి మేమంతా సంతోషిస్తున్నాము. నా పేజీ అచ్చు వేయవచ్చునా అని వారు నన్ను అడిగారు. వేయమన్నాను.

సార్, చక్కెర వ్యాధి మాత్రలు వేళకు వేసుకోవాలి. హైవే దాటేటప్పుడు ఫోను మాట్లాడవద్దు. చీకటి పడ్డాక నడకకు పోవద్దు. మీ ఇంట్లో అమ్మగారు ఈ సంచిక చదువుతారు గనుక ఇవన్నీ రాస్తున్నాను. మా జ్యోతిక సిద్ధాంత వ్యాసం పూర్తి కావడానికి ఐదేళ్ళు పడుతుందట. అది సమర్పించేనాడు మొదటి వరుసలో మీరు కూర్చోవాలి, ఎవరూ అడగని ప్రశ్న మీరు అడగాలి, జ్యోతిక తడబడకుండా జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్ళు మీరు ఆయురారోగ్యాలతో, కంటిచూపు తగ్గకుండా, నవ్వుతూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇట్లు,
పెంటమ్మ,
రికార్డు అసిస్టెంట్